ఎం13 నడిమధ్య అంతా తెల్లగా కాలిపోతోంది, ఏం చేయాలి?

చుక్కలవేట
150 మి.మీ. న్యూటోనియన్, 750 మి.మీ. ఫోకల్ లెంగ్త్, ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం తిరిగేకొద్దీ తనూ తిరిగే స్టాండు), గైడింగ్ కూడా ఉంది. కెమెరా కూల్డ్ కలర్, 14 బిట్, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు. హెర్క్యులస్ రాశిలోని గ్లోబ్యులర్ గుచ్ఛం (బంతిలా కుదురుకున్న నక్షత్రాల గుంపు) ఎం13 తీస్తున్నాను, ఒక్కో ఫ్రేమ్ రెండు నిమిషాలు. అంచుల్లో నక్షత్రాలు పొడిపొడిగా బాగానే వస్తున్నాయి. మధ్యకు వచ్చేసరికి సున్నపు ముద్ద. ఒక్క చుక్క విడిగా తెలియదు. అదే టెలిస్కోప్‌కి ఐపీస్ పెట్టి చూస్తే మధ్యలో కూడా చుక్కలు మెరుస్తున్నాయి. కంటికి దొరికింది కెమెరాకి ఎందుకు దొరకదు? ఇంకా ఎక్కువ గంటలు తీయాలా, తక్కువ తీయాలా? నెబ్యులాలకు (వాయు, ధూళి మేఘాలకు) పనికొచ్చిన పద్ధతి ఒక్కటీ ఇక్కడ పనిచేయడం లేదు. చిరాకొస్తోంది.

ఎఫ్5న్యూటన్
రెండు నిమిషాలు ఎందుకండీ? 20 సెకన్లు చాలు. అదే మీ సమస్య.

రాత్రిపక్షి
20 సెకన్లే తీయండి, లేదా గెయిన్ (కెమెరా సిగ్నల్‌ని పెంచే మోతాదు) తగ్గించండి. గెయిన్ తగ్గిస్తే పిక్సెల్ పట్టే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, ప్రకాశవంతమైన నక్షత్రాలు అంత తొందరగా నిండిపోవు.

పిక్సెల్‌పంతులు
ఇద్దరూ ఆగండి. రోగం ఏదో తెలియకుండా మందు రాసేస్తున్నారు. తెల్లబడటం రెండు చోట్ల జరగొచ్చు: ఫోటో తీసేటప్పుడు సెన్సర్‌లో, లేదా తర్వాత స్ట్రెచ్ చేసేటప్పుడు, అంటే మసక వెలుగులు కనిపించేలా పెంచేటప్పుడు, కంప్యూటర్‌లో. రెండూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. మొదటిదైతే ఆ వివరం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. రెండోదైతే వివరం అంతా ఫైల్‌లోనే భద్రంగా ఉంది, మనమే దాన్ని తెల్లరంగులో ముంచేశాం.

చుక్కలవేట గారూ, ఒక్క పని చేయండి. స్టాక్ చేసిన (ఫ్రేములన్నీ కలిపిన) ఫైల్ వద్దు, కెమెరా ఇచ్చిన ఒక విడి రా ఫ్రేమ్ తెరవండి. డీబేయర్ (పిక్సెళ్ల నుంచి రంగులు కట్టడం) చేయొద్దు, స్ట్రెచ్ చేయొద్దు. కర్సర్‌ని ఎం13 మధ్యలో నెమ్మదిగా తిప్పుతూ పిక్సెల్ విలువలు చూడండి. 14 బిట్ కెమెరా ఇచ్చే గరిష్ఠ విలువ 16383. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని నాలుగింతలు చేసి 16 బిట్ ఫైల్‌లో 65532గా రాస్తాయి. మధ్యలో ఎన్ని పిక్సెళ్లు ఆ అంకె దగ్గర ఉన్నాయో చెప్పండి.

స్టాక్ చూడొద్దని ఎందుకన్నానంటే, డార్కులు (మూత పెట్టి తీసిన ఫ్రేములు) తీసేసి, ఫ్లాట్లతో (సమంగా వెలిగే తెర మీద తీసిన ఫ్రేములతో) భాగించి, నార్మలైజ్ చేశాక (ఫ్రేముల వెలుగు సమం చేశాక) నిండిపోయిన పిక్సెల్ కూడా 60 వేలో 55 వేలో చూపిస్తుంది. ఇంకా చోటుంది అనుకుంటాం. ఉండదు.

చీకటిమేడ
పంతులు గారు చెప్పిన ఆ చివరి పేరా నాకు కొత్త విషయం. ఎప్పుడూ స్టాక్‌లోనే చూసేవాళ్లం.

ఎఫ్5న్యూటన్
సరే, చూడమనండి. కానీ పందెం కాస్తాను, నిండిపోయే ఉంటాయి. ఎఫ్5 (ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకి 5 రెట్లు), రెండు నిమిషాలు, ఎం13. ఇంకేముంటుంది?

అరుంధతిచూపు
ఐపీస్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. కన్ను పనిచేసే తీరు వేరు. వెలుగు పదింతలు పెరిగితే కంటికి పదింతలు అనిపించదు, చాలా తక్కువ తేడాగా తోస్తుంది. సెన్సర్ మాత్రం వచ్చిన ఫోటాన్లను వచ్చినట్టు లెక్కపెడుతుంది. పైగా గాలి ఒక్క క్షణం నిలకడగా ఉంటే ఆ క్షణాన్ని మెదడు పట్టేస్తుంది. మీ రెండు నిమిషాల ఫ్రేమ్ మాత్రం మంచి క్షణాన్నీ చెడ్డ క్షణాన్నీ కలిపి పిసికేస్తుంది. అందుకే ఎం13లో కంటికి కనిపించే ఆ మెరుపు ఫోటోలో రావడం కష్టం.

కంటికీ అన్నిసార్లూ దొరకలేదు లెండి. 1714లో ఎడ్మండ్ హేలీ దీన్ని కనిపెట్టాడు. 1764లో చార్ల్స్ మెస్సియే (ఎం13లో ఎం ఆయన పేరే) చూసి, ఇందులో నక్షత్రమే లేని నెబ్యులా అని రాసుకున్నాడు. విడివిడి చుక్కలుగా చూపించడానికి విలియం హెర్షెల్ పెద్ద అద్దాలు రావాల్సి వచ్చింది. లక్షల నక్షత్రాలున్న గుచ్ఛం అది! మెస్సియే కంటే మన 150 మి.మీ. అద్దాలు ఎంత మెరుగో చూడండి.

చుక్కలవేట
చూశాను. రెండు నిమిషాల ఫ్రేమ్‌లో మధ్యభాగం విలువలు ఎక్కువగా 14 వేల నుంచి 30 వేల మధ్య తిరుగుతున్నాయి. అక్కడక్కడా కొన్ని నక్షత్రాల నడిబొడ్డు మాత్రం 65532. మిగతాదేదీ నిండలేదు. అంటే?

పిక్సెల్‌పంతులు
అంటే మీ ఎం13 క్షేమంగా ఉంది. నిండినవి ఎర్ర మహాతారలు. ఈ గుచ్ఛంలో బాగా ప్రకాశించేవి 12వ మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగే కొద్దీ మసక) దగ్గర ఉంటాయి. నీలం రంగు హారిజాంటల్ బ్రాంచ్ (ఎర్ర మహాతార దశ దాటిన) నక్షత్రాలు 15 దగ్గర. మన సూర్యుడిలాంటి మామూలు నక్షత్రాలు 18 దాటాక గానీ మొదలవ్వవు. 12కీ 15కీ మధ్య వెలుగు తేడా దాదాపు 16 రెట్లు. 12కీ 18.5కీ మధ్య 400 రెట్లు. ఈ తేడా మొత్తాన్ని తెర మీద ఇరికించాలి. నెబ్యులా అలవాటుతో స్లైడర్‌ని ఒక్కసారిగా ఎడమకి లాగితే 15వ మ్యాగ్నిట్యూడ్ చుక్కలు కూడా తెల్లబడతాయి, వాటి మధ్య సందులూ తెల్లబడతాయి.

మీరు ఆటో స్ట్రెచ్ వాడుతున్నారా?

చుక్కలవేట
అవును, ఆటో స్ట్రెచ్ చేసి దాన్నే సేవ్ చేస్తున్నాను.

పిక్సెల్‌పంతులు
ఆటో స్ట్రెచ్ నేపథ్యాన్ని చూసి లెక్క వేసుకుంటుంది, నేపథ్యాన్ని ఒక స్థాయికి తేవడమే దాని పని. గెలాక్సీలకీ నెబ్యులాలకీ అది సరే. గ్లోబ్యులర్‌కి లెక్క మధ్య నుంచి మొదలుపెట్టాలి.

సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి దానితోనే చెబుతాను. లీనియర్ (ఇంకా స్ట్రెచ్ చేయని) ఫైల్‌లో ముందు ఫోటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ (నక్షత్రాల అసలు రంగులతో పోల్చి సరిచేయడం) చేయండి. తర్వాత ఆర్క్‌సైన్‌హెచ్ స్ట్రెచ్, కొంచెమే. ఇది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ ఒకే గుణకంతో పెంచుతుంది కాబట్టి నక్షత్రం రంగు నిలుస్తుంది. ఆ తర్వాత జనరలైజ్డ్ హైపర్‌బోలిక్ స్ట్రెచ్. అందులో స్ట్రెచ్ ఎక్కువగా పనిచేసే చోటైన సిమెట్రీ పాయింట్‌ని నేపథ్యం దగ్గర పెట్టకుండా గుచ్ఛం బయటి పొర మసక వెలుగు దగ్గర పెట్టండి. హైలైట్ ప్రొటెక్షన్‌ని (ప్రకాశవంతమైన చోట్లు తెల్లబడకుండా కాపాడే స్లైడర్‌ని) కిందికి దించుతూ మధ్యలో చుక్కలు విడిపోవడం చూడండి. ఒకే దెబ్బకి కాకుండా చిన్న చిన్న స్ట్రెచ్‌లుగా వెళ్లండి. నేపథ్యం మామూలుగా కంటే కాస్త నల్లగానే మిగులుతుంది, మిగలనివ్వండి.

మసకచందమామ
సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోడానికి ఒక గుర్తు చెప్తాను. ఎం13 మధ్యకి కాస్త పక్కగా మూడు నల్లటి చారలు ఒక చోట కలుస్తాయి, ప్రొపెల్లర్ అంటారు. 19వ శతాబ్దపు ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ పెద్ద టెలిస్కోప్ రోజుల నుంచి దాని మాట వినిపిస్తోంది. స్ట్రెచ్ ఎక్కువైతే మొదట మాయమయ్యేది అదే. ఆ మూడు చారలు కనిపిస్తే మీ మధ్యభాగం బతికినట్టే.

చీకటిమేడ
ప్రొపెల్లర్ అంటే నిజంగా అక్కడ ధూళి ఉందా?

మసకచందమామ
గ్లోబ్యులర్లలో ధూళి చాలా తక్కువ. నక్షత్రాలు ఆ వరుసలో కాస్త పలచగా పడ్డాయి, పక్కన దట్టంగా ఉన్నాయి కాబట్టి మనకి చారలా అనిపిస్తుంది. హబుల్ తీసినంత నిశితమైన ఫోటోలో అది చారగా తేలదు. మన సైజు టెలిస్కోపుల్లోనే బాగా కనిపిస్తుంది, అదే నాకు నచ్చేది.

ఎఫ్5న్యూటన్
పందెం ఓడినా నా మాట మీదే ఉన్నాను. స్ట్రెచ్ సంగతి ఒప్పుకుంటాను, పంతులు గారిది సరైన లెక్కే. కానీ చిన్న ఎక్స్‌పోజర్లకి ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ ఎర్ర మహాతారలు నిండిపోయాయి కదా, అంటే వాటి రంగు పోయినట్టే. నిండిన పిక్సెల్‌కి నారింజ తెలియదు, తెలుపే తెలుసు. గుచ్ఛం అందమంతా ఆ నారింజ చుక్కల పక్కన నీలం చుక్కల్లోనే ఉంది. రెండోది, 20 సెకన్ల ఫ్రేములు వందల కొద్దీ ఉంటే అందులో చెడ్డవి ఏరి పారేయొచ్చు. గాలి కుదురుగా ఉన్న ఫ్రేములు మాత్రమే ఉంచుకోవచ్చు. రెండు నిమిషాల ఫ్రేమ్‌లో చివరి పది సెకన్లు గాలి వీచినా మొత్తం పోయింది.

రాత్రిపక్షి
చిన్నవైతే రీడ్ నాయిస్ (ప్రతి ఫ్రేమ్‌ని చదివేటప్పుడు సెన్సర్ చేర్చే రొద) సంగతి? బయటి మసక నక్షత్రాలు పోవా?

ఎఫ్5న్యూటన్
ఇప్పటి సీమాస్ సెన్సర్లలో రీడ్ నాయిస్ సుమారు 1 నుంచి 3 ఎలక్ట్రాన్లే. ఆకాశం కాస్త వెలుగ్గా ఉన్న పెరట్లో ఎఫ్5 దగ్గర 20, 30 సెకన్లకే ఆకాశం నాయిస్ దాన్ని మింగేస్తుంది. ఆ తర్వాత ఫ్రేమ్ పొడుగు పెంచినందువల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మొత్తం సమయమే లెక్క. నిజంగా చీకటి ఆకాశం దొరికినవాళ్లకి మాత్రం మీరన్నది నిజం, వాళ్లు ఒక నిమిషం వరకూ వెళ్లొచ్చు.

ఖర్చు ఎక్కడంటే హార్డ్ డిస్క్ మీద. రాత్రంతా తీస్తే ఫైళ్లు గుట్టలు. డిథరింగ్ (ఫ్రేముల మధ్య టెలిస్కోప్‌ని కాస్త జరపడం) కూడా ప్రతి ఫ్రేమ్‌కీ చేయకండి, కొన్నిటికోసారి చాలు, లేకపోతే సగం రాత్రి మౌంట్ కుదురుకోడానికే సరిపోతుంది.

స్వాతిచుక్క
నాదీ ఒక సందేహం. నగరంలో ఉంటాను కాబట్టి డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ వాడుతున్నాను. గ్లోబ్యులర్‌కి దాన్నే ఉంచొచ్చా?

రాత్రిపక్షి
తీసేయండి. ఆ ఫిల్టర్ హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్ 3 గీతల్ని మాత్రం వదులుతుంది. నెబ్యులాలు ఆ గీతల్లోనే వెలుగుతాయి కాబట్టి అక్కడ లాభం. నక్షత్రాల వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు నక్షత్రాన్నీ అంతే కోసేస్తారు, రంగులు కూడా పిచ్చిపిచ్చిగా వస్తాయి. కెమెరా ముందు గాజులో ఐఆర్ కట్ (పరారుణ కాంతిని ఆపే పూత) లేకపోతే మామూలు యూవీ ఐఆర్ కట్ ఒకటి పెట్టుకోండి, లెన్సు టెలిస్కోప్ అయితే మరీ ముఖ్యం. అది లేకపోతే నక్షత్రాలు ఉబ్బుతాయి.

గుచ్ఛప్రియ
రాత్రిపక్షి గారు చెప్పింది నూటికి తొంభైతొమ్మిది పాళ్లు నిజం. ఒక్క మినహాయింపు. పెగాసస్‌లో ఎం15 లోపల పీస్ 1 అనే ప్లానెటరీ నెబ్యులా (చివరి దశలోని నక్షత్రం వదిలిన వాయు మేఘం) ఉంది. 1928లో బయటపడింది, గ్లోబ్యులర్ లోపల దొరికిన మొదటి ప్లానెటరీ నెబ్యులా అదే. కొన్ని సెకన్ల కోణం (డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను) కూడా ఉండదు, నక్షత్రంలాగే కనిపిస్తుంది. ఆక్సిజన్ 3 ఫిల్టర్‌తో ఒకటి, ఫిల్టర్ లేకుండా ఒకటి తీసి మార్చి మార్చి చూస్తే చుట్టుపక్కల చుక్కలన్నీ వెలవెలబోతాయి, అదొక్కటే నిలబడుతుంది. ఓపిక ఉన్నవాళ్లకి మంచి వేట.

స్వాతిచుక్క
అబ్బ, ఇది చేసి తీరాలి. పౌర్ణమి రోజుల్లో గ్లోబ్యులర్లు తీయొచ్చంటారు కదా, అది నిజమేనా?

మసకచందమామ
నిజమే. నా పేరు చూసి అడిగారేమో! వెన్నెల్లో నెబ్యులా కనబడదు, గెలాక్సీ చేతులు కనబడవు, గ్లోబ్యులర్ మాత్రం నిలుస్తుంది. నక్షత్రం వెలుగంతా కొన్ని పిక్సెళ్లలోనే పడుతుంది కదా.

అరుంధతిచూపు
పూర్తిగా ఒప్పుకోను. మధ్యభాగం నిలుస్తుంది, నిజం. బయట ఎక్కడో తప్పిపోయినట్టుండే మసక చుక్కలు వెన్నెల్లో మునిగిపోతాయి. అప్పుడు ఎం13 సగం సైజులోనే కనిపిస్తుంది. 20 నిమిషాల కోణం (డిగ్రీలో మూడోవంతు) వెడల్పున్న గుచ్ఛం అది. అమావాస్య రాత్రిది, పౌర్ణమి రాత్రిది పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు గుచ్ఛాల్లా ఉంటాయి. ఖాళీగా కూర్చునే బదులు వెన్నెల్లో తీయండి, అంతవరకే.

మసకచందమామ
అది సరే. చంద్రుడికి దూరంగా ఉన్నదాన్ని ఎంచుకుంటే నష్టం కాస్త తగ్గుతుంది.

చీకటిమేడ
నా దగ్గర ఉన్నది చిన్న స్మార్ట్ టెలిస్కోప్, 50 మి.మీ., 250 ఫోకల్ లెంగ్త్. 10 సెకన్ల ఫ్రేములు తనే తీసుకుని తనే స్టాక్ చేస్తుంది. దీనితో గ్లోబ్యులర్లు వృథానా?

పిక్సెల్‌పంతులు
వృథా ఎందుకవుతుంది? దాని పిక్సెల్ 2.9 మైక్రాన్లు. 206 తో గుణించి 250 తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 2.4 సెకన్ల కోణం. ఎం13 మీకు 500 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. చుక్కలవేట గారికి అదే లెక్కన పిక్సెల్‌కి 1.03, అంటే 1160 పిక్సెళ్లు. మీకు మధ్యభాగం పూర్తిగా విడిపోదు, అది అద్దం సైజు పరిమితి. కాబట్టి వదులుగా ఉండేవాటిని పట్టుకోండి. జ్యేష్ఠ పక్కనే ఉన్న ఎం4 మనకి చాలా దగ్గర గ్లోబ్యులర్లలో ఒకటి, పలచగా ఉంటుంది. ధనుస్సులో ఎం22 కూడా దగ్గరిదే, 10 వేల కాంతి సంవత్సరాల పైచిలుకు. ఒమేగా సెంటారీ దిగంతం పైకి తగినంత లేచే చోట ఉంటే అన్నిటికంటే ముందు అదే. అది కోటి నక్షత్రాల గుచ్ఛం, చిన్న టెలిస్కోప్ ఫ్రేమ్‌ని కూడా నింపేస్తుంది.

ఇంకో మాట. మీది ఆల్ట్-అజ్ మౌంట్ (పైకీ కిందికీ, పక్కలకీ మాత్రమే కదిలేది) అయితే ఫ్రేమ్ తిరుగుతూ ఉంటుంది. గుచ్ఛం నెత్తిమీదకి వచ్చినప్పుడు ఆ తిప్పడం మరీ ఎక్కువ. తూర్పున గానీ పడమర గానీ మధ్య ఎత్తులో ఉన్నప్పుడు తీయండి, మూలల్లో చుక్కలు సాగవు.

రాత్రిపక్షి
నెత్తిమీద వద్దనడం ఆల్ట్-అజ్ వాళ్లకే. ఈక్వటోరియల్ వాళ్లు మాత్రం ఎంత ఎత్తులో దొరికితే అంత మంచిది. 30 డిగ్రీల ఎత్తులో చూస్తే నెత్తిమీద కంటే రెండింతలు గాలి గుండా చూస్తున్నట్టు. నెత్తిమీద 2 సెకన్ల కోణం వెడల్పున్న నక్షత్రం అదే రాత్రి అక్కడ 3 సెకన్లకి ఉబ్బుతుంది. పైగా నీలం ఒక పక్కకి, ఎరుపు ఒక పక్కకి జరుగుతాయి. గ్లోబ్యులర్ మధ్యలో ఆ ఒక్క సెకను తేడాతో మూడు చుక్కలు ఒకటైపోతాయి. అన్నిటికంటే ముందు ఫోకస్. బహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసే చీలికల మూత) పెట్టి చూసుకోండి, చల్లబడే కొద్దీ గొట్టం కుంచించుకుంటుంది కాబట్టి మధ్యమధ్యలో మళ్లీ చూసుకోవాలి. న్యూటోనియన్‌కి కొలిమేషన్ (అద్దాలు ఒకే వరుసలో అమర్చడం) కూడా. స్ట్రెచ్ గురించి ఇన్ని పోస్టులయ్యాయి, ఉబ్బిన చుక్కని ఏ స్ట్రెచ్ సన్నం చేస్తుంది?

ఎఫ్5న్యూటన్
డీకన్వల్యూషన్ (ఉబ్బుని లెక్కగట్టి వెనక్కి తీసే పద్ధతి) చేస్తుంది. ఏఐ షార్పెనింగ్ టూల్స్ అయితే ఇంకా బాగా చేస్తున్నాయి.

అరుంధతిచూపు
ఇక్కడే నాకు భయం. గ్లోబ్యులర్ మధ్యలో నాలుగు నక్షత్రాలు కలిసిపోయిన చోట అది రెండు చేసి చూపిస్తుంది, లేదా లేని చుక్కని పుట్టిస్తుంది. గెలాక్సీలో కాస్త అటూ ఇటూ అయినా సరిపెట్టుకుంటాం. ఇక్కడ ప్రతి చుక్కా ఒక నక్షత్రం అని చెబుతున్నాం కదా. హబుల్ ఫోటో పక్కన పెట్టి పోల్చి చూడండి, ఎక్కడ కల్పించిందో తెలిసిపోతుంది.

ఎఫ్5న్యూటన్
పోల్చాను. అంచుల్లో సరిగ్గానే ఉంది. నడిబొడ్డులో మాత్రం మీరన్నట్టు తేడాలున్నాయి. నేను తక్కువ మోతాదులో, లీనియర్ ఫైల్ మీదే వాడతాను. స్ట్రెచ్ చేశాక వాడితే ప్రతి చుక్క చుట్టూ నల్ల ఉంగరం వస్తుంది.

అరుంధతిచూపు
అలా వాడితే నాకు అభ్యంతరం లేదు. వాడామని ఫోటో కింద రాయండి, చాలు.

చుక్కలవేట
పాత డేటానే తీసుకుని పంతులు గారు చెప్పిన వరుసలో మళ్లీ చేశాను. మధ్యలో చుక్కలు విడిపోయాయి! ప్రొపెల్లర్ కూడా ఉంది, రెండు చారలు స్పష్టంగా, మూడోది కొంచెం అనుమానంగా. తర్వాత 20 సెకన్ల ఫ్రేములు కూడా తీశాను, ఎం13 బాగా పైకి వచ్చాక. ఎఫ్5న్యూటన్ గారి మాట కూడా నిజం: రెండు నిమిషాల దాంట్లో తెల్లగా ఉన్న పెద్ద చుక్కలు ఇందులో నారింజ రంగులో ఉన్నాయి. రెండూ కలపొచ్చా?

ఇంకోటి. ఫ్రేమ్ మూల దగ్గర సన్నగా, పొడుగ్గా ఒక మచ్చ ఉంది. ధూళి అనుకున్నాను గానీ ఫ్లాట్‌లో లేదు.

గుచ్ఛప్రియ
అది మచ్చ కాదు, ఎన్‌జీసీ 6207! పక్కకి తిరిగినట్టున్న సర్పిల గెలాక్సీ. ఎం13 మనకి సుమారు 25 వేల కాంతి సంవత్సరాలైతే అది 3 కోట్ల కాంతి సంవత్సరాల అవతల. ఆ గెలాక్సీకీ గుచ్ఛానికీ మధ్యలో బాగా పెద్దది చేసి చూడండి, ఐసీ 4617 అని ఇంకో బుల్లి గెలాక్సీ ఉండాలి. 15వ మ్యాగ్నిట్యూడ్. మీ డేటాలో తప్పకుండా ఉంటుంది.

పిక్సెల్‌పంతులు
కలపొచ్చు. రెండు స్టాక్‌లనూ లీనియర్‌గా ఉండగానే ఒకదాని మీద ఒకటి అలైన్ చేసి, పెద్ద ఎక్స్‌పోజర్‌లో నిండిపోయిన చోట మాత్రమే చిన్నదాన్ని తీసుకోండి. అయితే మీ డేటాలో నిండినవి కొన్నే కాబట్టి, 20 సెకన్లవి ఇంకా పోగేసుకుంటూ వెళ్లడమే తేలిక.

చుక్కలవేట
ఐసీ 4617 దొరికింది!! చిన్న గీతలా ఉంది. ఇక గ్లోబ్యులర్లు వదిలేది లేదు. తర్వాత ఏది తీయను? ఎం92 అనుకుంటున్నాను, అదే రాశిలో ఉంది కదా.

మసకచందమామ
ఎం92 తీయండి, పాపం ఎం13 పక్కన పుట్టడం వల్ల దాన్ని ఎవరూ పట్టించుకోరు. దాని మధ్యభాగం ఇంకా బిగుతుగా ఉంటుంది, హైలైట్ ప్రొటెక్షన్ ఇంకా కిందికి దించాల్సి వస్తుంది.

గుచ్ఛప్రియ
నా ఓటు ఎం3కి. స్వాతి నక్షత్రానికీ కోర్ కరోలి అనే నక్షత్రానికీ దాదాపు మధ్యలో ఉంటుంది. మెస్సియే స్వయంగా కనిపెట్టిన మొదటిది అదే, 1764లో. అసలు కారణం అది కాదు. అందులో వెలుగు మారే ఆర్ఆర్ లైరే నక్షత్రాలు 200కి పైగా ఉన్నాయి. చాలావాటి ఆవర్తనం సుమారు అర రోజు. ఒక్క రాత్రిలో నాలుగైదు గంటలు తీసి, అరగంటకొక స్టాక్ చేసి వరుసగా ఆడించి చూడండి. ఒకటి ఆరిపోతుంటే ఇంకొకటి వెలుగుతూ ఉంటుంది. వెలుగు తగ్గడం నెమ్మది, పెరగడం మాత్రం గబుక్కున. ఇలాంటి నక్షత్రాలతోనే గ్లోబ్యులర్ల దూరాలు కొలిచి, మనం పాలపుంత మధ్యలో లేమని 1918 ప్రాంతంలో హార్లో షాప్లీ తేల్చాడు. అదే పని చేసే నక్షత్రాలు మన పెరట్లోంచి మిణుకుమిణుకుమంటూ ఫోటోలో మారుతుంటే చూడటం ఎంత బాగుంటుందో!

చుక్కలవేట
ఎం3కే ఫిక్స్. అరగంటకొక స్టాక్ అన్నారు కదా, ఒక్కోదాన్నీ విడిగా స్ట్రెచ్ చేయాలా?

గుచ్ఛప్రియ
విడివిడిగా చేస్తే స్ట్రెచ్ తేడానే వెలుగు తేడాగా కనిపిస్తుంది. అన్నిటినీ ఒకే రిఫరెన్స్‌కి అలైన్ చేసి, నేపథ్యం సమం చేసి, అన్నిటికీ అవే అంకెలతో స్ట్రెచ్ ఇవ్వండి. ఎక్స్‌పోజర్, గెయిన్ రాత్రంతా మార్చకండి. సరిచూసుకోడానికి గుచ్ఛం అంచులో మారని నక్షత్రాలు రెండు మూడు ఎంచుకోండి, అన్ని ఫ్రేముల్లోనూ అవి కదలకుండా ఉంటే మీ యానిమేషన్ నమ్మొచ్చు. ఎం3 తన గరిష్ఠ ఎత్తుకు రావడానికి రెండు గంటల ముందు మొదలుపెట్టి, దాటాక రెండు గంటల వరకూ తీయండి. అప్పుడు గాలి తేడా రెండు వైపులా సమంగా ఉంటుంది.

రాత్రిపక్షి
జర్మన్ ఈక్వటోరియల్ అయితే ఆ మధ్యలోనే మెరిడియన్ ఫ్లిప్ (గుచ్ఛం ఆకాశపు ఉత్తర దక్షిణ నడిగీత దాటాక టెలిస్కోప్‌ని అటువైపుకి తిప్పడం) వస్తుంది. తిరిగాక ఫోకస్, కొలిమేషన్ ఒకసారి చూసుకునే మొదలుపెట్టండి.